వడ్ల తేమ చూసే పరికరం తొమ్మిదో తరగతి పిల్లలు తయారు చేస్తున్నారు: మనం ఎంతవరకు చెయ్యి పెట్టాలి?

బడి_భౌతికశాస్త్రం

అందరికీ నమస్కారం. నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు ఇన్‌స్పైర్ మానక్‌కి (బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం డబ్బిచ్చే పథకం) పంపిన ఐడియా ఎంపికైంది. 10,000 రూపాయలు ఆ అమ్మాయి ఖాతాలో పడ్డాయి. జిల్లా ప్రదర్శనకు ఇంకా నెలన్నర టైముంది.

ఐడియా ఎలా పుట్టిందంటే, పోయిన యాసంగిలో వాళ్ల నాన్న కొనుగోలు కేంద్రంలో తొమ్మిది రోజులు ఉన్నాడు. తేమ 17 శాతం దాటితే కాంటా వెయ్యరు కదా. రోజూ ఆరబెట్టడం, మిషన్‌తో చూపించుకోవడం, 'ఇంకా ఎక్కువుంది' అనడం, సాయంత్రం మబ్బు పట్టగానే పట్టాలు కప్పడం. ఆ అమ్మాయి రోజూ అన్నం టిఫిను తీసుకుపోయేది. "మేడమ్, తేమ ఎంతుందో ఇంటి దగ్గరే తెలిస్తే నాన్న అన్ని రోజులు అక్కడ పడుకునేవాడు కాదు కదా" అంది. ఆ ఒక్క మాటతోనే ఇదంతా మొదలైంది.

ఇప్పుడు నలుగురు పిల్లలు కలిసి చేస్తున్నారు. పెద్ద స్టీలు గ్లాసులో చిన్న స్టీలు గ్లాసు పెట్టి, మధ్య ఖాళీలో వడ్లు పోసి, కెపాసిటర్‌లా కొలవాలని వాళ్ల ఆలోచన. వడ్లలో తేమ పెరిగేకొద్దీ గ్లాసుల మధ్య విద్యుదావేశం నిలుపుకునే శక్తి, అంటే కెపాసిటెన్స్, పెరుగుతుంది. రెండు వారాలుగా రీడింగు ఒక్కచోట నిలవడం లేదు. హైదరాబాద్‌లో కోఠి వైపు సామాన్లు కొనడానికి వెళ్తే ఒక షాపులో "ఇంత కష్టం ఎందుకు మేడమ్, డబ్బాలో పెట్టి డిస్‌ప్లేతో సహా మేమే చేసిస్తాం" అన్నారు. వద్దని వచ్చేశాను. కానీ బస్సులో కూర్చున్నాక మనసు ఊగిసలాడింది. పిల్లలు వట్టి చేతులతో ప్రదర్శనకు వెళ్తే ఎలా? అలాగని నేనే చేసి పెడితే అది వాళ్లదెలా అవుతుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఐటీఐ_మాస్టారు

అమ్మా, ముందు రీడింగు సంగతి చూద్దాం. మిగతాది తర్వాత.

గ్లాసుల కొలతలు రాయలేదు మీరు. పెద్ద గ్లాసు 8 సెంటీమీటర్ల వెడల్పు, చిన్నది 5, ఎత్తు 10 అనుకుంటే ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే కెపాసిటెన్స్ 12 పికోఫారడ్ల దగ్గర. వడ్లు పోస్తే మూడు నాలుగు రెట్లు అవుతుంది. ఇది చాలా చిన్న విలువ. మీరు వాడే వైరు మామూలుదా, షీల్డు (చుట్టూ లోహపు జాలీ) ఉన్నదా? షీల్డు వైరైతే అడుగు పొడవుకే 30 పికోఫారడ్లు అది తెచ్చేస్తుంది. అంటే పిల్లలు వడ్లను కాదు, వైరును కొలుస్తున్నారు. ఐసీని గ్లాసు అడుగునే బిగించి వైరు రెండంగుళాలు మించకుండా చూడండి. బ్రెడ్‌బోర్డు (వైర్లు గుచ్చే రంధ్రాల పలక) మానేసి సోల్డరింగు చేయించండి. బ్రెడ్‌బోర్డులో పక్కపక్క వరుసల మధ్య కూడా కొన్ని పికోఫారడ్లు ఉంటాయి, పైగా వదులు కాంటాక్టులు.

ఇంకోటి. చెయ్యి దగ్గరికి తెస్తే రీడింగు మారుతోందా?

బడి_భౌతికశాస్త్రం

అవును మాస్టారూ! సరిగ్గా అదే. వాళ్లు పుస్తకంలో రాసుకున్నారు కూడా: "నేను నిలబడితే ఒకటి, రమ్మంటే వచ్చి కూర్చున్నాక ఇంకొకటి." దయ్యం పట్టిందని ఒకడు అన్నాడు. వైరు అడుగున్నర ఉంది, షీల్డుదే.

ఐటీఐ_మాస్టారు

అయితే లోపలి గ్లాసును గ్రౌండుకి కలిపి ఉంటారు. తిప్పి కలపమనండి. బయటి గ్లాసు గ్రౌండుకి, లోపలిది 555 ఐసీ రెండు, ఆరు పిన్నులకి. 555 అంటే టైమర్ చిప్పు, కెపాసిటెన్స్ పెరిగితే దాని ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది, మన రీడింగు అదే. అప్పుడు బయటి గ్లాసే లోపలిదానికి గోడలా అడ్డు నిలుస్తుంది, చెయ్యి ఎంత దగ్గరికి వచ్చినా పెద్దగా తేడా రాదు. అయితే ఇది మీరు చెప్పకండి. "రెండు వైర్లూ తారుమారు చేసి చూడండి, ఏం తేడా వస్తుందో రాయండి" అని మాత్రం అనండి. కారణం వాళ్లు కనుక్కుంటారు.

మామూలు 555 బదులు, తక్కువ కరెంటు తీసుకునే 7555 దొరికితే తెప్పించండి. ఇంత చిన్న కెపాసిటర్‌కి మెగా ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టాలి. అలాంటప్పుడు మామూలు 555 తనకోసం తీసుకునే కాస్త కరెంటే లెక్కను పాడు చేస్తుంది.

నేను ముప్పై ఏళ్లు ఎలక్ట్రానిక్స్ చెప్పాను. కుర్రాడి చేతిలోంచి సోల్డరింగ్ ఐరన్ లాక్కున్న ప్రతిసారీ ఆ రోజు పని త్వరగా అయింది, ఏడాది చివరికి వాడికి పని రాలేదు. మీరు ఐరన్ ముట్టుకోకండి. కళ్లద్దాలు మాత్రం పెట్టించండి, కిటికీలు తీసి ఉంచండి.

విజయవాడ_అమ్మ

టీచర్‌గారూ, ఆ షాపుకి వద్దని వచ్చేశారని చదివి మనసు నిండింది. మా అనుభవం చెప్తాను.

మా బాబు ఎనిమిదిలో ఉన్నప్పుడు స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ అన్నారు. వారం ముందు చెప్పారు. ఆన్‌లైన్‌లో స్మార్ట్ డస్ట్‌బిన్ కిట్టు తెప్పించాం, వాళ్ల నాన్న రాత్రి కూర్చుని బిగించారు. బహుమతి వచ్చింది, ఫోటో తీశారు, గోడకు తగిలించాం. రెండు నెలలకి మూత తెరుచుకోవడం ఆగిపోయింది. "బాబూ, ఏమైందో చూడరా" అన్నాను. వాడు దాని వైపు చూసి "నాకు తెలీదమ్మా, అది నాన్న చేసింది" అన్నాడు. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది నాకు. బహుమతి తెచ్చుకున్న పిల్లవాడి ముఖంలా లేదు.

ఇప్పుడు పదోతరగతి. పోయిన వేసవిలో తనే ఆ డబ్బా విప్పి చూశాడు. చచ్చిపోయింది బ్యాటరీ మాత్రమే.

పాలిటెక్నిక్_పోరడు

మేడమ్ నమస్తే. నేను డిప్లొమా ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) రెండో సంవత్సరం. నేను కూడా సర్కారు బడిలనే సదివిన, పదిల గుడ్డోళ్లకు చేతికర్ర చేసిన. ముందట ఏదన్న అడ్డమొస్తే బజర్ మోగుతది. మీ పిల్లలకు పనికొస్తదని చెప్తున్న.

అల్ట్రాసోనిక్ సెన్సార్ పెట్టిన, అది చెవికి వినపడని శబ్దం పంపి, వాపస్ వచ్చే టైము బట్టి దూరం చెప్తది. 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల దాకా చూస్తది అని రాసి ఉంటది. బడి గోడకు ఎదురుంగ పెడితే మస్తు పనిచేసింది. మా ఊర్ల చూపు లేని ఒక తాత ఉంటడు, ఆయన చేతికిచ్చిన. నాలుగు అడుగులు వేసిండు, ఎదురుంగ మా అవ్వ నిలబడ్డది, బజర్ మోగలే. నూలు చీర శబ్దాన్ని గుంజుకుంటది, వాపస్ పంపది. నాకప్పుడు ఏం సమజ్ కాలే. ఇంక తాత ఏమన్నడంటే, "గోడ నాకు నీ మిషన్ కంటె ముందే తెలుస్తది బిడ్డా, గాలి ఆగుతది. నాకు తెల్వంది గుంత."

గా మాటకు నా ప్రాజెక్టు మొత్తం తిరగబడ్డది. సెన్సార్‌ను కర్ర కింద భాగాన నేల దిక్కు వంచి పెట్టిన. నేల దూరం ఒక్కసారి పెరిగితే గుంత ఉన్నట్టు. ఏటవాలు నేల మీద తప్పులు చెప్పింది, పూర్తిగ కుదరలే. మండలం దాటలే నా ప్రాజెక్టు. అయినా పాలిటెక్నిక్‌ల ల్యాబ్‌కు పోయిన మొదటి రోజు నాకు భయం కాలే మేడమ్. నా పక్కనోళ్లకు మస్తు మార్కులొచ్చినయి, కానీ మల్టీమీటర్ పట్టుకోనీకి చేతులు వణికినయి.

మీ పిల్లలను ఒకసారి రైతు దగ్గరికి తోల్కపోండ్రి. చేసినాక కాదు, ఇప్పుడే.

ఇంకో మాట: 9 వోల్టుల చిన్న బ్యాటరీ వాడకుండ్రి. రేటెక్కువ, దాంట్ల దమ్ముండది, మోటారో లైట్లో పెట్టంగనే వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ అయితది. నేను మూడు దినాలు ప్రోగ్రాంల తప్పు వెతికిన, తప్పు బ్యాటరీల ఉన్నది.

వరి_రైతు_మిర్యాలగూడ

నేను ఈడ ఎక్కువ రాయను, చదువుత. కాని ఇది నా సంగతి కాబట్టి రాస్తున్న.

టీచరమ్మా, ఆ పిల్ల చెప్పింది అక్షరాల నిజం. మేం గింజను పంటి కింద పెట్టి కొరుకుతం. టక్కుమంటే ఆరినట్టు, మెత్తగ నలిగితే పచ్చి ఉన్నట్టు. మా నాయిన కొరికి చెప్తే అటిటుగ సరిపోయేది. కాని కేంద్రంల పంటి మాట నడ్వదు, మిషన్ మాటే. ఒక్క పాయింటు ఎక్కువుంటే మళ్ల రెండు దినాలు. మధ్యల వాన కొట్టిందంటే మొలకలొస్తయి. పట్టాల కిరాయి, రాత్రి కావలి, ట్రాక్టర్ ఊకె నిలబెడితే దాని కిరాయి. ఇదంత లెక్క కట్టుకుంటే తరుగు తీసిన దానికంటె ఎక్కువైతది.

పిల్లలకు ఒకటి చెప్పండి. మాకు 16.4, 17.2 అని నంబరు అక్కరలేదు. ట్రాక్టర్ పిలవాల్నా, ఇంకో దినం ఎండబెట్టాల్నా, గదొక్కటి చెప్పే మిషన్ ఉంటె చాలు. రాశి పైన ఒక తీరు, లోపల ఒక తీరు ఉంటది, అది కూడ చూడమనండి. పైన ఎండి లోపల పచ్చి ఉంటది.

బడి_భౌతికశాస్త్రం

అన్నా, మీ మాట రేపు తరగతిలో చదివి వినిపిస్తాను. ఈ పంటి కింద పరీక్ష గురించి పిల్లలు అసలు ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

డల్లాస్_నాన్న

ఇక్కడ అమెరికాలో మా అమ్మాయి చదివే హైస్కూల్లో 'ఫస్ట్' అనే సంస్థ నడిపే రోబోటిక్స్ పోటీ జట్టుకి నేను నాలుగేళ్లుగా మెంటార్‌ని. 1989లో డీన్ కేమన్ పెట్టిన సంస్థ అది. ఏటా జనవరిలో కొత్త ఆట ప్రకటిస్తారు, కొన్ని వారాల్లో పిల్లలు మనిషి ఎత్తు రోబో తయారు చేసుకుని పోటీకి రావాలి. డబ్బు, మెషీన్లు, కంపెనీల ఇంజనీర్లు అన్నీ ఉంటాయి. అయినా మీరు అడిగిన ప్రశ్నే ఇక్కడా ప్రతి ఏడాదీ తగువు. కొన్ని జట్ల రోబో చూస్తే పెద్దలు గీసిందని తెలిసిపోతుంది.

మేం పెట్టుకున్న పద్ధతి చెబుతాను. పెద్దవాళ్లు ప్రశ్న అడగొచ్చు, పనిముట్టు ఎలా పట్టుకోవాలో చూపించొచ్చు, ప్రమాదం ఉంటే ఆపొచ్చు. రోబో మీద చెయ్యి వెయ్యకూడదు. మొదటి ఏడాది నేను ఆ నియమం తప్పాను. పోటీకి ముందు రాత్రి గేర్‌బాక్స్‌లో శబ్దం వస్తుంటే పిల్లలు భోజనానికి వెళ్లినప్పుడు నేనే విప్పి సరిచేశాను. మర్నాడు రెండో మ్యాచ్‌లో మళ్లీ అదే శబ్దం. పిల్లలకు లోపల ఏముందో తెలియదు, నన్ను మైదానంలోకి రానివ్వరు. పదిహేనేళ్ల పిల్ల "అంకుల్, మీరు ఏం మార్చారు?" అని మైదానం అంచు నుంచి అడిగింది. ఆ ప్రశ్న ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మీకు రెండు స్టీలు గ్లాసులు, ఒక ఐసీ, నిజమైన అవసరం ఉన్నాయి. మా పిల్లలకు ఆ మూడోది దొరకడమే కష్టం, వాళ్ల రోబో చేసే పని ఆట కోసం కల్పించింది.

గణితం_సార్

జిల్లా స్థాయి ప్రదర్శనల్లో మూడుసార్లు న్యాయనిర్ణేతగా కూర్చున్నాను, అందుకని అటువైపు నుంచి చెబుతాను.

మెరిసే డబ్బాలు చాలా వస్తాయి. నిజమే, కొన్నిసార్లు వాటికే మార్కులు పడతాయి, దాచి లాభం లేదు. కానీ నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ముందు ఏది పాడైంది, ఎలా బాగుచేశావు?" తనే చేసిన పిల్లవాడు ఆగకుండా పది నిమిషాలు చెబుతాడు. కొనుక్కొచ్చినవాడు చార్టు వైపు చూస్తాడు. టీచర్ మేడమ్, మీ పిల్లల దగ్గర "నేను నిలబడితే ఒకటి, కూర్చుంటే ఒకటి" అని రాసిన పుస్తకం ఉంది. దాన్ని చించి శుభ్రంగా మళ్లీ రాయించకండి. కొట్టివేతలతో సహా బల్లమీద పెట్టండి.

రెండోది, మనసులో ఉన్నది చెబుతున్నాను, నొచ్చుకోకండి. నలుగురు పిల్లలు అన్నారు. ఐడియా ఆ అమ్మాయిది. ఇప్పుడు సోల్డరింగు ఎవరు చేస్తున్నారు? చాలా బళ్లలో వైర్లు అబ్బాయిల చేతిలో, చార్టూ స్కెచ్చు పెన్నులూ అమ్మాయిల చేతిలో ఉండటం చూశాను. అడిగితే "చేతిరాత బాగుంటుంది సార్" అంటారు.

బడి_భౌతికశాస్త్రం

సార్, నిజం చెబుతున్నాను, మీరు రాసింది చదివాక తరగతికి వెళ్లి చూస్తే అలాగే ఉంది. నేను గమనించనే లేదు. ఈరోజు నుంచి వంతులు పెట్టాం.

విజయవాడ_అమ్మ

మరి పిల్లలు సొంతంగా వస్తువులు తయారు చేసుకోడానికి కేంద్రం బళ్లకిచ్చే అటల్ టింకరింగ్ ల్యాబులు అంటారు కదా, అవి మీ బడికి లేవా టీచర్‌గారూ?

బడి_భౌతికశాస్త్రం

లేదండీ. 2016 నుంచి ఇస్తున్నారు, ఒక్కో బడికి 20 లక్షల దాకా. మా మండలంలో ఒక బడికి వచ్చింది. 2025 బడ్జెట్లో ప్రభుత్వ బళ్లలో ఐదేళ్లలో 50,000 పెడతామన్నారు, మాకూ వస్తుందని ఆశ. ల్యాబ్ వచ్చిన బడి టీచర్ నా స్నేహితురాలే. త్రీడీ ప్రింటర్ ఉంది, కానీ అందులో వాడే ప్లాస్టిక్ తీగ అయిపోతే తెప్పించే దారి లేక నెలల తరబడి ఆగింది. అయినా ఆమె బీరువాకి తాళం వెయ్యదు. పిల్లలు మధ్యాహ్నం అన్నం తిని నేరుగా అక్కడికే వెళ్తారు. మల్టీమీటర్ ఆమె దగ్గర్నుంచే తెచ్చాను.

పాలిటెక్నిక్_పోరడు

తాళం వెయ్యని బీరువా, గదే అసలు ల్యాబ్ మేడమ్. మా బడిల సామాన్లు మస్తుండె, అధికారులొచ్చిన దినం తప్ప ఎన్నడు బయటికి తియ్యలే.

ఐటీఐ_మాస్టారు

తేమ శాతం ఎలా సరిపోల్చి చూస్తున్నారు? ఆ లెక్క లేకపోతే ఎన్ని ఫ్రీక్వెన్సీలు వచ్చినా ఏం లాభం. తెలిసిన తేమ ఉన్న వడ్లు కావాలి కదా.

బడి_భౌతికశాస్త్రం

అదే చెబుదామని కూర్చున్నాను. నిన్న తరగతిలో జరిగింది.

దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లు 12 శాతం తేమ ఉన్న వడ్లు తూచి ఇచ్చారు. వాటిలో 500 గ్రాములు తీసుకుని నీళ్లు కలిపి 18 శాతం చెయ్యాలి. ఎంత నీళ్లు? అందరూ ఒకేసారి "30 గ్రాములు" అన్నారు. 12 నుంచి 18కి ఆరు, 500లో ఆరు శాతం 30. నేనూ తల ఊపేసేదాన్నే. ఆ అమ్మాయి మాత్రం లేచి "కానీ మేడమ్, నీళ్లు పోస్తే మొత్తం బరువు కూడా పెరుగుతుంది కదా" అంది.

బోర్డు దగ్గరికి రమ్మన్నాను. సుద్దముక్క పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత రాసింది: 500లో తేమ 60, పొడి గింజ 440. ఎంత నీళ్లు పోసినా ఈ 440 మారదు. 18 శాతం తేమ అంటే ఈ 440 అనేది మొత్తంలో 82 శాతం. మొత్తం 536.6. పోయాల్సింది దాదాపు 37. "30 పోస్తే 17 కూడా రాదు" అంది, లెక్కవేసి చూపించింది, 16.98 వచ్చింది. అంటే సరిగ్గా రైతు దగ్గర గొడవ జరిగే గీత మీద! తరగతి అంతా నిశ్శబ్దం. శాతాల పాఠం నేను పదేళ్లుగా చెబుతున్నాను, ఏ పిల్లకీ ఇంతగా ఎక్కడం చూడలేదు.

ఇప్పుడు 12, 14, 16, 18, 20 శాతాల ఐదు డబ్బాలు గట్టిగా మూతలు బిగించి ఉన్నాయి. మూడు రోజులు రోజుకు రెండుసార్లు కుదుపుతూ ఉంచితే తేమ గింజ లోపలికి సమానంగా పడుతుందన్నారు కేంద్రంలో. పిల్లలు వంతులవారీగా కుదుపుతున్నారు.

గణితం_సార్

16.98. ఈ మాట ప్రదర్శనలో తప్పకుండా చెప్పించండి.

ఐటీఐ_మాస్టారు

బలే. ఆ పాప తలమీద చెయ్యి పెట్టి ఆశీర్వదించాననండి.

మూడు జాగ్రత్తలు. ప్రతిసారీ వడ్లు తూచి ఒకే బరువు పోయాలి, ఒకే ఎత్తునుంచి. గ్లాసును తట్టితే గింజలు సర్దుకుని రీడింగు పెరుగుతుంది. రెండు, వరి రకం మారితే లెక్క మారుతుంది. బీపీటీ 5204కి కట్టిన లెక్క 1010కి నప్పదు, వేరే గీత గీయాలి. మూడు, ఎండలోంచి అప్పుడే తెచ్చిన వేడి గింజకి తేమ ఎక్కువ చూపిస్తుంది.

డల్లాస్_నాన్న

ఇక్కడ మా జట్టు పిల్లలకి ఈ చర్చ తర్జుమా చేసి వినిపించాను. 37 గ్రాముల దగ్గర ఇద్దరు వాళ్లంతట వాళ్లే కాగితం తీసి లెక్క వేశారు. ఒకడు "గింజను కొరికి చెప్పేవాళ్లని, మిషన్‌ని పోటీ పెట్టొచ్చు కదా" అన్నాడు. పనికొస్తే వాడుకోండి.

విజయవాడ_అమ్మ

చింతకింది మల్లేశంగారు గుర్తొస్తున్నారు నాకు. ఆలేరులో ఆరో తరగతితో చదువు ఆపేశారు. వాళ్లమ్మ ఒక్క చీరకి ఆసు పోయడానికి (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టడానికి) చెయ్యి తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ తిప్పేవారట, భుజం పడిపోయేది. ఆ నొప్పి చూసి 1992లో మొదలుపెడితే లక్ష్మి ఆసు యంత్రం 1999కి పూర్తయింది. అంత పనికి ఏడేళ్లు పట్టింది. మన పిల్లలకి మనం నెలన్నర ఇస్తాం, అది కూడా చార్టుతో సహా. టీచర్‌గారూ, జిల్లాలో ఏం వచ్చినా ఆ తర్వాత కూడా కొనసాగించండి.

బడి_భౌతికశాస్త్రం

రెండు వారాల తర్వాత వచ్చాను, క్షమించండి. పరీక్షలు.

వైర్లు తారుమారు చేశారు. చెయ్యి పెట్టినా రీడింగు కదలలేదు. దయ్యం అన్నవాడే పుస్తకంలో "బయటి గ్లాసు గోడలాగా కాపాడుతుంది" అని రాశాడు. ఐసీ గ్లాసు అడుగున ప్లాస్టిక్ మూతకి బిగించారు. మొదటి సోల్డరింగు ఆ అమ్మాయే చేసింది, రెండు పిన్నులు కలిసిపోయాయి, విప్పి మళ్లీ చేసింది.

ఐదు డబ్బాలకీ వరుసగా రీడింగులు తీస్తే గ్రాఫు మీద తేమ పెరిగేకొద్దీ ఫ్రీక్వెన్సీ తగ్గుతూ వచ్చింది. 14కీ 16కీ మధ్య చక్కగా ఉంది, 20 దగ్గర చుక్కలు చెదిరాయి. తర్వాత ఊళ్లోంచి పది ఇళ్ల వడ్లు తెచ్చి, ముందు పెద్దవాళ్లతో కొరికించి రాయించారు, ఆ తర్వాత వీళ్ల గ్లాసులో, చివరికి కృషి విజ్ఞాన కేంద్రం మిషన్‌లో చూశారు. 17కి పైనా కిందా అన్న సంగతి పదింటిలో ఏడింటికి గ్లాసు సరిగా చెప్పింది. పంటి పరీక్ష ఆరింటికి. ఒక ముసలమ్మ మాత్రం తను కొరికిన నాలుగింటికి నాలుగూ సరిగా చెప్పింది. పిల్లలు ఆమె దగ్గర కూర్చుని "అవ్వా, ఎట్ల తెలుస్తది?" అని గంటసేపు అడిగారు.

గ్లాసు తప్పిన మూడూ 16, 18 మధ్యవే. అందుకని మిర్యాలగూడ అన్న చెప్పినట్టు నంబరు తీసేసి లైట్లు పెడుతున్నారు. 16 లోపు పచ్చ, 18 దాటితే ఎరుపు, మధ్యలో పసుపు. పసుపు వస్తే "ఇంకో పూట ఎండబెట్టి మళ్లీ చూడండి" అని డబ్బా మీద రాస్తారు. నంబరు చూపిస్తేనే న్యాయనిర్ణేతలకి నచ్చుతుందేమో అని నేను అంటే ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "మనకే నమ్మకం లేని నంబరు నాన్నకి ఎట్ల చూపిస్త మేడమ్?" అంది. నేనింకేమీ అనలేదు.

వేడి గింజ సంగతి మిగిలింది. వేడిని కొలిచే థర్మిస్టర్ పెట్టాలని చూస్తున్నారు. దానికి ఒకే వడ్లు పొద్దున చల్లగా ఉన్నప్పుడు, మధ్యాహ్నం ఎండలో ఒకసారి చూడాలి. బడి ఆవరణలో అన్ని వడ్లు లేవు.

వరి_రైతు_మిర్యాలగూడ

ఆదివారం మా కల్లానికి తోల్కరండ్రి టీచరమ్మా. ఆరు రాసులున్నయి, కోసిన దినాలు వేరే వేరే. పొద్దున ఆరింటికి వస్తే మంచు మీద దొరుకుతయి, రెండింటి దాక ఉంటే మంచిగ కాలుతయి. అన్నం మా ఇంట్లనే. ఆ ముసలమ్మను కూడ పిలవండి.